రిజిస్ట్రార్ అడిగిన వయసు

మార్చి 4, 2012. షామ్‌బర్గ్

మనవరాలు ఇషాకి స్కూల్లో హిస్టరీ ప్రాజెక్ట్. పూర్వం మైనర్లు భూమి కొనొచ్చా, అమ్మొచ్చా అన్నది టాపిక్. ఇక్కడ అమెరికాలో ఒకప్పుడు ఇరవై ఒకటి నిండాలట. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి నా ముందు కూర్చుంది. నేనూ అమ్మానే అన్నాను. తాతగారు నా పేరున రాసిన రెండెకరాల కొబ్బరితోట. 1964 వేసవి. రిజిస్ట్రార్ వయసెంత అన్నాడు. అన్నయ్య నేర్పినట్టే పద్దెనిమిది అని చెప్పి సంతకం పెట్టాను.

నీకు అమ్మాలని ఉందా అమ్మమ్మా అంది. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

మార్చి 5

ఇషా వదల్లేదు. అప్పుడు ఏ క్లాస్ అంది. ఎస్సెస్సెల్సీ రాసిన వేసవే. మరి ఎయిటీన్ ఎలా, ఫెయిల్ అయ్యావా అంది. ఎంత మాట! క్లాసులో ఫస్ట్ నేను.

మార్చి 6

ఐదేళ్ళకి బళ్ళో వేశారు, ఎస్సెస్సెల్సీ దాకా పదకొండు క్లాసులు. వేళ్ళు మడిచి మూడుసార్లు లెక్కపెట్టాను. పదహారే వస్తోంది.

మార్చి 10, ఉదయం 11

కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో, కొడుకు దగ్గరుంటున్న అన్నయ్య ఆంజనేయప్రసాద్‌కి ఫోన్ చేశాను. నాన్న పోయాక ఇల్లు నడిపింది తనే. నా అసలు వయసెంత అని అడిగాను. అప్పుడు చెప్పాడు. అమ్మకి ఆపరేషన్ చేయాలి. తోట నా పేరున ఉంది. మైనర్ ఆస్తి అమ్మాలంటే కోర్టు పర్మిషన్ కావాలి. అది వచ్చేదాకా అమ్మ ఉండదన్నాడట డాక్టరు. అన్నయ్య హెడ్మాస్టర్ని బతిమాలి స్కూలు రికార్డులో నాకు రెండేళ్ళు పెంచేశాడు.

అంటే పాస్‌పోర్ట్‌లో ఉన్నది నా వయసు కాదు. టీచరుగా యాభై ఎనిమిదికి రిటైరయ్యాననుకున్నాను. యాభై ఆరుకే పంపించేశారన్నమాట. ఇంకో రెండు బ్యాచ్‌ల పిల్లలు నావాళ్ళు కావాల్సింది.

కానీ అమ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. నా పెళ్ళి చేసింది. ఇషా వాళ్ళమ్మ మీనా పుట్టినప్పుడు నాకు పురుడు పోసింది.

కోపం రావాలా, వద్దా?

మార్చి 11

ఇషా గంతులేసింది. మైనర్ సంతకం చెల్లదట, టెక్నికల్‌గా తోట నీదే అంది. కేసు వేయడానికి గడువు ఎప్పుడో దాటిపోయిందన్నాడు అల్లుడు. తోట ఎవడికి కావాలి అన్నాను. అమ్మ సంగతి చెప్పాను. ఇషా పెన్ను కింద పెట్టేసింది. ప్రాజెక్ట్‌లో దీన్ని రాంగ్ అని రాయాలా, రైట్ అని రాయాలా అని అడిగింది.

నన్నడుగుతుందేం?

మార్చి 15

అన్నయ్య ఫోన్. తీయలేదు.

మార్చి 16

మళ్ళీ చేశాడు. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదన్నాను. పుట్టిన తేదీ తప్పని తెలిస్తే నీ ఉద్యోగం పీకేస్తారని భయపడ్డాను రాధా, ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది అన్నాడు.

అల్లుణ్ణి డబ్లిన్‌కి టికెట్ బుక్ చేయమన్నాను. తిట్టడానికా, చూడటానికా అంటే ఏం చెప్పను?

మార్చి 24. డబ్లిన్

అన్నయ్య బాగా వంగిపోయాడు. నా కోపం పోలేదు. నువ్వు నాకన్నా పదేళ్ళు పెద్దా, పన్నెండేళ్ళా అన్నాను. పన్నెండు, మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనేగా అన్నాడు.

గురువారం పుట్టానట. వాన పడుతోందట.