మా మేనత్తను గైడు టీచరుగా ఒప్పుకోవలసినదిగా

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: టీచర్లలో తమవారు లేని వర్గాల కళాశాల విద్యార్థులకు చేయూత పథకం – దరఖాస్తు సంఖ్య 117 – నిబంధన 4(బి) – అందులో అడిగిన మనిషి భూమ్మీద లేకపోవుట – గురించి.

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుచున్న నేను సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. మాది మురుగుకాలువలు బాగుచేయు పనివారి పేట. నూట అరవై గడపలు. వీటిలో నేటివరకు బడిలో పాఠం చెప్పినవారు సున్న. ఈ లోటు తీర్చుటకే తమ శాఖవారు పై పథకము పెట్టినారు. ఎంపికైనవారికి టీచరు శిక్షణలో సీటు, వెన్నంటి ఉండి నేర్పుటకు ఒక గైడు. నేను మొదటి రోజునే దరఖాస్తు ఇచ్చితిని.

2. నిబంధన 4(బి) ప్రకారం గైడు "అభ్యర్థి వర్గమునకే చెందిన, పదేళ్ళ అనుభవము గల టీచరు" అయి ఉండవలెను. తమ ఆఫీసు గుమస్తా గారు దరఖాస్తులోని ఆ గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ సంతకం ఏదమ్మా?" అన్నారు.

"మావాళ్ళలో టీచర్లే లేరండీ. అందుకే కదండీ ఈ పథకం!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజమే. అయితే లేరని ఒక కాగితం పట్రా."

"ఎవరిచేత రాయించమంటారు?"

"మీవాళ్ళలోనే ఎవరైనా టీచరుచేత."

అయ్యా, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్నట్టుంది. ఆయన మంచివారే. తాగమని మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

3. కావున ఆ గడిలో మా మేనత్త పేరు రాసితిని. ఆమె మా పేట పక్క బడిలో ఇరవై రెండేళ్ళుగా ఆయా. తరగతులు ఊడ్చుట ఆమె ఉద్యోగము. ఏ పిల్లకి నిజంగా కడుపునొప్పి, ఏ పిల్లకి లెక్కలు రాక కడుపునొప్పి అన్నది చూడగానే చెప్పుట ఉద్యోగములో లేదు. కొత్తగా వచ్చిన టీచర్లు బెదిరిపోయినప్పుడల్లా ఆమె దగ్గరికే పరుగెత్తేవారు. హెడ్మాస్టరమ్మ గారు, "నాకు తరగతిలో నిలబడటం నేర్పింది ఈవిడే" అని రాసిచ్చిన ఉత్తరం జతపరచితిని. తమ ఆఫీసువారు దాన్ని "ఆయా టీచరు కాదు" అన్న ఒక్క ముక్కతో తిప్పి పంపినారు.

4. ఆమె ఏపాటి గైడో చూపుటకు పోయిన మంగళవారం జరిగినది మనవి చేసుకొందును. పథకములోని నమూనా పాఠం కోసం హెడ్మాస్టరమ్మ గారు నాకు నాలుగో తరగతి అప్పగించారు. భిన్నాలు. ఇంట్లో నన్ను లౌడుస్పీకరు అంటారండీ. అటువంటిది, నలభై ఒక్క జత కళ్ళు నా వైపు తిరిగేసరికి నోట మాట పెగలలేదు. సుద్దముక్క చేతిలోనే విరిగింది. హెడ్మాస్టరమ్మ గారు గడియారం చూశారు.

అప్పుడు గుమ్మంలోంచి మా అత్త, చేతిలో బకెట్టుతో, "టీచరుగారూ! సగంలో సగం పావన్నారు, నా బుర్రకెక్కలేదు. మళ్ళీ ఒకసారి చెప్పరూ?" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను "ఒసే" అని తప్ప పిలవలేదు.

ముందు బెంచీ పిల్ల లేచి, "టీచరు ఇంకా ఏమీ చెప్పలేదు ఆయమ్మా!" అంది.

"అయితే మొదటిసారే చెప్పమను. నాకేం తొందర లేదు."

తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో పాటే గొంతూ వచ్చేసింది. అత్త భుజం మీది గుడ్డ తీసుకుని సగానికి మడిచాను, మళ్ళీ సగానికి మడిచాను. గంట కొట్టేసరికి ముప్ఫై ఎనిమిది మంది లెక్క సరిగ్గా చేశారు. మిగిలిన ముగ్గురూ ఇంకోసారి చెప్పమన్నారు. నాకు కావలసింది ఆ ముగ్గురేనని ఆ క్షణంలో తెలిసింది.

5. మా అత్త ఈ నెలాఖరుకు రిటైరవుతుంది. ఖాళీ అయ్యే ఆయా పని నాకిస్తామని పైనుంచి కబురొచ్చింది. అదే బడి, అదే తరగతి. చీపురుతో వెళ్ళడానికి ఏ సంతకమూ అక్కర్లేదట. నాన్న, "ఏ పనైనా పనేగదే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పథకానికి గడువు శనివారం. అయ్యా, చీపురంటే నాకు చిన్నచూపు లేదు, నన్ను చదివించింది అదే. కానీ నేను పాఠం చెప్పాలి.

కావున తమరు పెద్దమనసుతో మా మేనత్తను గైడుగా అంగీకరించుటయో, లేక 4(బి)ని కొట్టివేయుటయో, రెండింటిలో తమ కలానికి ఏది తేలికైతే అది చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను. మా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దరఖాస్తు సంఖ్య 117

తా.క.: ఇదంతా అత్తకు చదివి వినిపించాను. "ఇంత పొడుగు రాస్తే ఆయన ఎక్కడ చదువుతాడే? వచ్చి చూసుకోమను" అంటోంది. కాబట్టి రండి సార్. శుక్రవారం, మూడో పీరియడు, మళ్ళీ భిన్నాలే. వెనక బెంచీలో చోటుంది. కాళ్ళు తుడుచుకుని రమ్మని చెప్పమంది, నేలకు తడిగుడ్డ పెట్టి ఉంటుందట.