మోకాలి పట్టీకి అయిదు నక్షత్రాలు

చెల్లాయ్,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పొద్దుటి నుంచి మూడుసార్లు కుర్చీలో కూర్చున్నాను, మూడుసార్లూ లేచి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాను. కళ్ళజోడు తుడిచిందే తుడిచాను.

నేను బడి మొహం చూసింది తక్కువ. ప్రెస్సులో సీసపు అక్షరాలు పేరుస్తూ, తిరగేసి చదువుతూ నేర్చిన చదువు నాది. ఒకసారి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ఉండాల్సిన చోట పిల్ల తండ్రి పేరు పేర్చేసి... సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు!

ప్రెస్సు మూతపడ్డాక ప్రూఫులు చూసే పని దొరికిందని నీకు చెప్పాను చూడు, అది అబద్ధం. ఆన్‌లైన్‌లో సరుకులమ్మే ఒక కంపెనీకి, కొన్నవాళ్ళు రాసినట్టుగా రివ్యూలు రాస్తున్నాను. ఒక్క సరుకూ కంటితో చూసిన పాపాన పోలేదు. నా పైన ఒక మేనేజరమ్మ, మనవరాలి వయసుది.

"తాతగారూ, మరీ పొగడకండి. డబ్బా నలిగి వచ్చిందని చిన్న నస పెట్టండి. అప్పుడే నమ్ముతారు" అంటుంది.

"'ఇంకా రెండే మిగిలాయి' అని రోజూ వేస్తారేంటమ్మా? ఆ రెండూ ఎప్పటికీ అమ్ముడుపోవా?" అన్నాను ఒకరోజు.

"గోడౌన్ నిండా ఉన్నాయండీ. రెండే అంటేనే జనం పరిగెత్తుకొస్తారు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. అదీ నా సిగ్గులేనితనం.

పోయిన నెల మోకాలి పట్టీ వంతు వచ్చింది. నాకేమో మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి, నొప్పి గురించి ఏం రాయను? నీ ఉత్తరాలు తీశాను. పొద్దున్నే కాలు కొయ్యబారడం, పందొమ్మిది మెట్లూ గోడ పట్టుకుని దిగడం, అన్నీ నీవే ఎత్తి రాశాను. చివర "పట్టీ కట్టిన వారానికే గబగబా దిగుతున్నాను, ఆపరేషన్ వద్దనుకున్నాను" అని నా సొంత కవిత్వం చేర్చాను. అయిదు నక్షత్రాలు.

నిన్న నీ ఉత్తరం. "మోకాలి పట్టీ గురించి అచ్చం నాలాంటి ఆవిడే రాసింది అన్నయ్యా. డాక్టరుకు ఆపరేషన్ వద్దని చెప్పేశాను" అన్నావు.

ఆ ఆవిడ నేనే తల్లీ. ఆ పట్టీ పనిచేస్తుందో లేదో నాకే తెలియదు. ఆలస్యమైతే కాలు ఇక వంగదని డాక్టరు అన్నట్టు నువ్వే రాశావు. నన్ను తిట్టు, మాట్లాడటం మానెయ్. ముందు మాత్రం ఆయన దగ్గరికి వెళ్ళు. ఆ పనికి నేను నీళ్ళొదిలేశాను.

నీ
అన్నయ్య

*

అన్నయ్యా,

నీ రాత గుర్తుపట్టలేననుకున్నావా? ఆ మెట్లు ఎన్నో నీకు తప్ప ఎవరికి చెప్పాను? రెండో వాక్యానికే దొరికిపోయావు. నా నొప్పిని అంగట్లో పెట్టావని ఒక రోజంతా అన్నం సయించలేదు. ఒప్పుకుంటావో లేదో చూద్దామనే "నాలాంటి ఆవిడ" అని రాశాను. నువ్వు ఇంకో వారం ఆగి ఉంటే నీకూ నాకూ చెల్లయిపోయేది.

నిజం నేనూ చెప్పాలి. ఆపరేషన్ వద్దన్నది పట్టీని నమ్మి కాదు. కత్తి అంటే భయమేసి. వద్దని చెప్పే మనిషి కోసం వెతుకుతుంటే నీ దొంగ ఆవిడ దొరికింది. అబద్ధమని తెలిసీ పట్టుకు వేళ్ళాడాను. కొనేవాళ్ళు లేకపోతే మీ మేనేజరమ్మ మాత్రం ఏం చేస్తుందిలే.

ఇవాళ ఆస్పత్రికి వెళ్ళాను. వచ్చే బుధవారం ఆపరేషన్. తోడు ఎవరుంటారని నర్సు అడిగింది. నీ పేరు రాయించాను.

చెల్లి