గీతలు అరిగిన వేళ్లు

పొటోసీ పట్నం, మంగళవారం

అమ్మా, నేను క్షేమం. నా ఉద్యోగం పోయిందని సెవెరో మామయ్య చెప్పింది నమ్మకు. నికాసియా అనే ముసలమ్మ గుర్తింపు కార్డు కోసం రెండు రోజులు నడిచి మా ఆఫీసుకొచ్చింది. అది ఉంటేనే కంటికి ఆపరేషన్ చేస్తారు. ఉన్ని వడికి వడికి వేళ్ల గీతలు అరిగిపోయి, మిషన్లో ముద్ర పడలేదు. వేళ్లు లేనివాళ్లకే ముద్ర అక్కర్లేదని రూలు. నేను ఆవిడకీ అక్కర్లేదని రాసేశాను. పై ఆఫీసరు మండిపడ్డాడు. "వేళ్లు పదీ ఉన్నాయి కదా!"

"గీతలు లేవు సార్. ఆవిడ చెయ్యి పట్టుకు చూడండి," అన్నాను. ఒక్కో వేలూ తడిమి చూసి, సంతకం పెట్టాడు.

మందలో మన లామా ఈనిందా? మామయ్యతో ఎండు బంగాళాదుంపలు పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? నీ వేళ్లూ ఉన్ని వడికినవే కదమ్మా. ముద్ర పడదని భయపడకు, కార్డుకి ఆఫీసులో నా కిటికీ దగ్గరికే రా. నాన్నకి దండాలు.

నీ డెల్మిరా