గేటు బయట బంతి భోజనం

మంగళవారం, కుదుదండ్

అమ్మ ఇంకా అడుగుతోంది, "ఏటే, అందరూ కడుపునిండా తిన్నారా?" అని. ఏటి చెప్పను?

యుద్ధానికి భయపడి సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు పొద్దున్న ఇక్కడ రైలు దిగారు. స్టేషన్ లోపలున్నంతసేపు రైల్వే బాధ్యత, గేటు దాటితే రాష్ట్రానిది. అందుకే ఎవరూ వాళ్ళ జోలికి పోలేదు. అక్కడే ఉండిపోయుంటే...

వార్డు కౌన్సిలర్ని కదా, నేనే వెళ్ళాను. మా పార్టీ మంత్రిగారికి ఫోన్ చేస్తే, "అచ్ఛా, ముందు భోజనాలు పెట్టించండి మేడమ్, తర్వాత చూద్దాం" అన్నారు. పొట్లాలు ప్లాట్‌ఫారం మీదే పంచేస్తే సరిపోయేది. కానీ మన ఇళ్ళల్లో బంతిలో కూర్చోబెట్టి వడ్డిస్తే గానీ అన్నం పెట్టినట్టు ఉండదు. లాల్‌ఖదాన్‌లో మన తెలుగువాళ్ళ హాలుకి రమ్మని పిలిచాను. నన్ను నమ్మి గేటు దాటారు.

పప్పు వడ్డిస్తుండగా పోలీసు బస్సులొచ్చాయి. వెనక్కి, ఆ సరిహద్దుకే పంపేస్తారట. మళ్ళీ ఫోన్ చేశాను. "స్టేషన్లో ఉన్నంతవరకు మా చేతుల్లో ఏమీ లేదు. మీరు బయటికి తెచ్చి పని సులువు చేశారు" అన్నారు మంత్రిగారు. నన్ను మెచ్చుకున్నారు!

ఆ బస్సులకి అడ్డంగా పడుకోవాల్సింది. పార్టీ మనిషిని, పక్కకి తప్పుకుని నిలబడ్డాను. రేపు అక్కడ దించేశాక వాళ్ళని...

చేతులు కూడా కడుక్కోనివ్వలేదు. ఒక ముసలావిడ బస్సెక్కుతూ ఆగి, ఆ ఎంగిలి చేతులతోనే నాకు దండం పెట్టింది. కూర్చోబెట్టి అన్నం పెట్టానని.