బ్యాలేలో ఒక్క మాట

1956 ఫిబ్రవరి 3

నా పేరు లుకేర్యా సవ్విచ్నా. వయసు డెబ్బై ఒకటి. లెనిన్‌గ్రాద్‌లో, ఉమ్మడి వంటిల్లున్న ఫ్లాట్‌లో ఒక గది మాది. నేనూ, భర్త పోయిన నా కోడలు తయీసియా. నాకు చదువు రాదు. నేను చెబుతాను, తయీసియా రాస్తుంది. సొంత మాట కలిపితే ఊరుకోను.

మా థియేటర్‌లో ఆ పాత నాటకం ఎన్నాళ్లుగానో ఆడుతోంది. తల్లి వేషం నాది. నా ఇంట్లో నోరెత్తకు అని మిల్లు యజమాని పెళ్లాన్ని గద్దిస్తాడు. ఆమె ఇక ఎవరితోనూ మాట్లాడదు. ఆఖరున కూతుర్ని మంచులోకి గెంటుతుంటే ‘ఆగు’ అంటుంది. నాటకం మొత్తానికి నా మాట అదొక్కటే.

ఇప్పుడు దాన్ని బ్యాలే చేస్తారట. అందరూ మూగవాళ్లే అయితే నా మౌనం ఎవడికి కనబడుతుంది?

ఫిబ్రవరి 11

బ్యాలే మాస్టర్ ఆర్సేనీ గ్లేబోవిచ్ పిలిపించాడు. దెబ్బలాడదామనే వెళ్లాను. మామ్మా, అందరూ ఆడతారు, నువ్వొక్కదానివీ కదలవు, అదే నీ మౌనం అన్నాడు. ‘ఆగు’ అనే చోట ఒక్క అడుగు వెయ్యి, చాలన్నాడు.

వీడికి బుర్ర ఉంది.

ఫిబ్రవరి 26

కూతురి వేషం రిమ్మాది. తండ్రిని బతిమాలే చోట నాటకంలో బోలెడు మాటలు. ఈ పిల్ల మునివేళ్ల మీద నిలిచి, చెయ్యి చాచి, అలా ఉండిపోయింది. ఆ మాటలన్నీ నాకు వినబడ్డాయి. రాసినవాడు రాయనివి కూడా.

మార్చి 9

అనేశాను.

డ్రెస్ రిహార్సల్. రిమ్మా గుమ్మంలో కూలిపోయింది. అడుగు వేయాల్సినదాన్ని, ఆగు అని అరిచాను. వాద్యాలు ఆగిపోయాయి. బ్యాలేలో వేషధారి గొంతు ఎలా ఉంటుందో ఇన్నాళ్లకు తెలిసిందని ఫిడేలువాడు ఎకసెక్కెం. డైరెక్టర్ కిరిల్ నజారోవిచ్ నవ్వలేదు. వేషం రిటైరైన నర్తకికి ఇస్తానన్నాడు.

మార్చి 10

వేషం ఎవరికో తేల్చే థియేటర్ కమిటీకి నా వాదన ఇది. నేను మరిచిపోయి అనలేదు. మతి పోయిందని రాసుకోకండి. ఆ పిల్ల అలా పడితే ఏ తల్లి నోరు మూసుకుంటుంది? తప్పు నాది కాదు, మీ బ్యాలేది. అంత బాగా చేయమని ఎవరన్నారు?

కాస్త వినయంగా రాద్దామా అత్తయ్యా అంది తయీసియా. వద్దన్నాను.

మార్చి 12

రిమ్మా కమిటీ ముందుకు వెళ్లిందట. వెనక ఆవిడ ఉంటే నిజంగా పడతాను, ఇంకెవరున్నా పడినట్టు ఆడతాను, మీ ఇష్టం అందట. తొలి ఆట నాకిచ్చారు. నోరు తెరిస్తే మాత్రం ఇంటికే.

మార్చి 17, ఆట అయ్యాక

రిమ్మా పడింది. నా కాలు కదిలింది. హాలంతా లేచి నిలబడింది. వేషం ఇక మీదేనన్నాడు డైరెక్టర్. బదులు చెబుదామంటే గొంతు పెగల్లేదు. ఇంకా పెగల్లేదు. ఇదంతా సైగలతోనే చెబుతున్నాను.

లుకేర్యా గుర్తు: ✕

చూసినవాళ్లు: తయీసియా, రిమ్మా