నువ్వు చేపలు కొట్టిన మొద్దు

నాన్నా,

పోయిన వారం మన హోటల్‌కి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ మేడం వచ్చింది. నూనె, ఫ్రిజ్ చూసి బాగానే ఉన్నాయంది. చివరికి నువ్వు చేపలు కొట్టిన చింతమొద్దు దగ్గర ఆగిపోయింది.

"రోజూ ఉప్పేసి తోమతన్నాం మేడం," అంది అమ్మ.

"తోమినా పగుళ్లలో నీచు ఉండిపోతుందమ్మా. తీసేయకపోతే హోటల్ మూయించాల్సి వస్తుంది."

"మూసీండి అయితే. మా ఆయన సేతికింద అరిగింది, నాను తియ్యను."

కాన్వెంట్ స్కూల్లో చదివినప్పుడు సిస్టర్లు ప్రశ్న అడిగితేనే తల దించుకునే నేను, "తీసేస్తామండీ" అన్నాను. అమ్మ నా వైపు తిరిగి చూసింది. మేడం వెళ్లాక తనే మొద్దుకి ఓ పక్క పట్టింది. ఇద్దరం మొద్దుని మేడ మీదికి మోశాం.

"ఆయనుంటే మనిద్దర్నీ బయటికి తోసి, దీన్నే ఉంచుకునీవోడు," అని మెట్ల మీద నవ్వింది.

ఇప్పుడు అమ్మ జాలరిపేట నుంచి తెచ్చిన వంజరం చేపని తెల్లటి ప్లాస్టిక్ బోర్డు మీద కోస్తోంది. ముక్కలు నువ్వు కొట్టినంత సమానంగా రావడం లేదు. ఆ బోర్డు మొద్దులా మోగదు కూడా. చిన్నప్పటి నుంచీ పైగదిలో నాకు మెలకువ వచ్చేది కింద నీ కత్తి చప్పుడుకే. నువ్వు పోయాక అదే మొద్దు మీద అమ్మ కత్తి చప్పుడుకి లేచేదాన్ని. ఈ వారం రెండుసార్లు కాలేజీకి ఆలస్యమైంది. నిన్న రాత్రి మొదటిసారి అలారం పెట్టుకుని పడుకున్నాను.