పచ్చ వల కింది అడవి

పంజాగుట్ట, జూన్

హనుమాండ్లు గారికి నమస్కారం.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీరు ఎత్తలేదు, అందుకే ఈ ఉత్తరం. మేం ఉపగ్రహ చిత్రాలు చూసి, ముక్కలైపోతున్న అడవుల పటం గీస్తుంటాం. మీ ఊళ్లో రెండు గుట్టల మీది అడవులను కలిపేది మీ పొలంలోని చెట్లే. దుప్పులు దాటేది అక్కడే. ఈ వేసవి చిత్రంలో ఆ చోటు బోడిగా ఉంది. వానాకాలం చిత్రంలోనూ అలాగే ఉంటే పటంలో ఆ దారిని చెరిపేయాలి. ఆ తరువాత దాన్ని కాపాడమని ఎవరినీ అడగలేం.

ఇట్లు,
యశస్విని

*

అమీర్‌పేట, జూలై

యశస్విని మేడమ్‌కు దండాలు.

తెల్వని నంబర్ ఎత్తితే లోన్ కావాల్నా అంటరు, అందుకే ఎత్తలే. నేనీడ హాస్టల్ నడుపుకుంటున్న, ఆడ చెట్లు కౌలుదారు పత్తి కోసమని కొట్టిండు, విత్తుడు ఆపిచ్చిన. జుర్మానా నా మీద వెయ్యకుండ్రి. అయినా మీ కిటికీల నుంచి పంజాగుట్ట చౌరస్తా కనిపిస్తుండగ మా పొలం దిక్కు చూసుడెందుకు? ఫికర్ చెయ్యకుండ్రి. వచ్చే ఫొటోల పచ్చగుంటది, నాది జిమ్మేదారి.

మీ మంచి కోరే,
హాస్టల్ హనుమాండ్లు

తా.క.: మా ఇంటామె స్వరాజ్యం పక్కన కూసోని రాయిస్తున్నది. మేడ మీద ఆరేసిన ఎర్ర చీర పోయింది. ఎవరు ఎత్తుకపోయిండ్రో ఆకాశంలకెల్లి కనిపిస్తదా? కనిపించదనే అనుకుంటున్న.

*

పంజాగుట్ట, సెప్టెంబర్

హనుమాండ్లు గారికి,

మీ పొలం పచ్చగానే వచ్చింది. మా మేనేజర్ కృష్ణమోహన్ గారు చప్పట్లు కొట్టబోయారు కూడా. కానీ మన కంటికి కనిపించని వెలుగు ఒకటుంది. ఆకు దాన్ని వెనక్కి పంపే తీరు వేరు, ప్లాస్టిక్ వల తీరు వేరు. మీరు పరిచింది వలేనని ఉపగ్రహం పట్టేసింది. పైగా ఏ అడవికీ మూలలు అంత చక్కగా మడతపెట్టినట్టుండవు. నెలాఖరుకు పటం ముగిస్తాం. ఆ దారిని చెరపక తప్పదు.

ఇట్లు,
విచారంతో, యశస్విని

తా.క.: చీర కనిపించదు. మా చిత్రంలో ఒక్కో చుక్కే పది మీటర్ల వెడల్పు. ఆవిడకు నా సానుభూతి.

*

అమీర్‌పేట, సెప్టెంబర్

బిడ్డా యశస్వినీ,

దొరికిపోయిన. మా హాస్టల్‌దే కాదు, మధురానగర్ హాస్టళ్ల మేడల మీది ఎండ వలలు సుత అడుక్కొచ్చి పొలంల పాతిన కట్టెల మీద పరిచిన. ఈడ పిల్లలు ఎండకు మాడుకుంట నన్ను తిడుతున్నరు. నీ మీది కోపంతోని నిన్న అవన్నీ పీకుదామని పోయిన. ఎత్తి చూస్తే కింద మొద్దులన్నిటికీ చిగుర్లు, మోకాలెత్తున. ఎండ తగల్లే, మేకలు దూరలే. వంగి ఒక్కొక్క చిగురు లెక్కపెట్టిన. మా ఇంటామెను అడుగు, ఇది ఎంత పెద్ద విశేషమో చెప్తది. వలలు దించి వాటితోనే మేకలొచ్చే దిక్కు దడి కట్టిన. పైనుంచి కనిపించకుంటే నడిచొచ్చి చూడు.

నీ హనుమాండ్లు

తా.క.: చెరిపినవంటే మీ ఆఫీస్ మీద సుత వల కప్పుత.

*

పంజాగుట్ట, అక్టోబర్

హనుమాండ్లు బాబాయి గారికి,

మీరు లేనప్పుడు పొలానికి వెళ్లి వచ్చాం. చిగుళ్లు ఇంకా ఉపగ్రహానికి అందవు. అయితే నేల మీద చూసిందీ పటంలో చేర్చవచ్చు. చిగుళ్ల మధ్య దుప్పి గిట్టల గుర్తులున్నాయి, ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా. దారిని చెరపలేదు. చుక్కల గీతగా ఉంచాం. అది నిండు గీత అయ్యే రోజు కోసం చూస్తుంటాం.

మీ బిడ్డ,
యశస్విని

తా.క.: దడి చివర, వల చాలని మూలకు ఒక ఎర్ర చీర కట్టి ఉంది, వలలు మూటగట్టి తెచ్చినప్పటిదేమో. స్వరాజ్యం గారికి మీరే చెబుతారా, నన్ను రాయమంటారా? చెప్పినా సరే, మానినా సరే, దాన్ని మాత్రం విప్పకండి. మేకలొచ్చేది ఆ మూల నుంచే.